టీబీ ఉందని తేలాక కూడా అడగాల్సిన ప్రశ్న: ఊపిరితిత్తుల్లో ఇంకేముంది?

టీబీ మందులు మొదలుపెట్టాక చాలామందికి రెండు మూడు వారాల్లో జ్వరం దిగిపోతుంది, ఆకలి పుడుతుంది, దగ్గు కూడా నిదానంగా దారికొస్తుంది. కొంతమందికి మాత్రం కాస్త తేరుకుంటున్నారు అనుకునే టైములో ఉన్నట్టుండి వణుకుతో జ్వరం ఎక్కుతుంది, ఊపిరి పీలిస్తే పక్కలో పోటు, నిన్నటిదాకా పల్చగా పడిన గళ్ళ (కఫం) చిక్కబడి పచ్చగా మారుతుంది, నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంట్లోవాళ్ళు అనుకునేది ఒక్కటే, టీబీ ముదిరిందని. ఊళ్ళో ఆర్ఎంపీ కూడా ఎక్కువగా అదే అంటాడు, లేదంటే మందుల వేడి పడలేదని చెప్పి టీబీ బిళ్ళలే ఆపించేస్తాడు. నిజానికి చాలాసార్లు జరిగేది వేరు. టీబీతో దెబ్బతిన్న ఊపిరితిత్తిలో రెండో బ్యాక్టీరియా చేరి నెమ్ము పట్టి ఉంటుంది. అంటే మామూలు న్యుమోనియానే, కాకపోతే టీబీ ఉన్న మనిషికి వచ్చింది కాబట్టి దాన్ని దాని పేరుతో ఎవరూ పిలవరు, అంతా టీబీ ఖాతాలోకే పోతుంది.

ఈ తేడాని పట్టుకోవడం ఎందుకంత ముఖ్యమంటే రెండు క్రిముల స్పీడు వేరు. టీబీ క్రిమి ఒకటి రెండు కావడానికి దాదాపు 18 నుంచి 24 గంటలు పడుతుంది. నెమ్ము తెచ్చే న్యుమోకాకస్, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా అనువైన చోటు దొరికితే అరగంటలోపే రెట్టింపవుతాయి. అందుకే టీబీ మనిషిని నెలల తరబడి తింటుంది, నెమ్ము రోజుల్లో తేల్చేస్తుంది. టీబీ మందుల మీద ఉండి చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది మొదటి రెండు నెలల్లోనే పోతారు, అదంతా రెండో ఇన్ఫెక్షన్ వల్లే అని కాదు, లివర్ దెబ్బతినడం, దగ్గులో రక్తం ఎక్కువ పడటం, మరీ లేటుగా ఆసుపత్రికి రావడం, మందులకి లొంగని టీబీ అని ముందు తెలియకపోవడం, ఇట్టా చాలా ఉన్నాయి. కానీ వీటన్నిటిలో మామూలు యాంటీబయాటిక్‌తో వారం పది రోజుల్లో నయమయ్యే అవకాశం ఉన్నది ఇదొక్కటే, దాన్నే గుర్తించకుండా వదిలేస్తే అంతకంటే బాధపడాల్సింది ఇంకేముంటుంది.

ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి తనని తాను శుభ్రం చేసుకుంటుంది. శ్వాసనాళాల లోపలి గోడల మీద సన్నని నూగు ఉంటుంది, అది జిగురుని, దాంట్లో చిక్కుకున్న దుమ్మునీ క్రిముల్నీ ఎప్పటికప్పుడు పైకి నెడుతూ ఉంటుంది, మనం దగ్గి ఊసేస్తాం లేదా తెలియకుండానే మింగేస్తాం. టీబీ ఈ ఏర్పాటునే పాడుచేస్తుంది. నూగు పోతుంది, నాళాలు సాగి వంకరలు తిరుగుతాయి, పైభాగాల్లో కండ కరిగి క్యావిటీలు, అంటే గుంతలు పడతాయి. తూము పూడిపోయిన చెరువులో నీళ్ళు మురిగినట్టు అక్కడ గళ్ళ నిలవ ఉండిపోతుంది, రక్తప్రసారం సరిగా లేని చోటు కాబట్టి రోగనిరోధక కణాలూ మందులూ రెండూ అక్కడికి తక్కువగానే చేరతాయి. ఇక గొంతులో ముక్కులో ఎప్పుడూ కాపురముండే న్యుమోకాకస్, హీమోఫిలస్, స్టాఫిలోకాకస్ లాంటివి కిందికి జారితే ఆపేవాళ్ళుండరు. ఆసుపత్రుల్లో ఎక్కువ రోజులు ఉండొచ్చినవాళ్ళకైతే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబ్యాక్టర్ అంటుకుంటాయి, వీటికి మామూలు మందులు సరిగా పనిచేయవు.

అందరికీ ఈ ముప్పు ఒకే రకంగా ఉండదు. నెల్లూరు, ప్రకాశం వైపు చూస్తే ముప్పు పెంచే కారణాలు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా కనబడతాయి. మార్కాపురం పలకల పనిలోనూ, చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లలోనూ, గూడూరు సైదాపురం వైపు మైకా, క్వార్ట్జ్ తవ్వకాల్లోనూ ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవాళ్ళున్నారు. ఆ రాయిలో సిలికా ఎంత ఎక్కువుంటే ఊపిరితిత్తికి అంత దెబ్బ, సిలికా ఊపిరితిత్తుల్లోని రక్షణ కణాల్ని చంపుతుంది కాబట్టి అట్టాంటివాళ్ళకి టీబీ వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ, వచ్చాక రెండో ఇన్ఫెక్షన్ పట్టే అవకాశమూ ఎక్కువే. పొగాకు పండించే నేల కాబట్టి చుట్టా బీడీ అలవాటు పాతకాలం నుంచీ ఉన్నదే, పొగ కూడా ఆ నూగునే కాల్చేస్తుంది. సారా, బ్రాందీ అలవాటున్నవాళ్ళకి మత్తులో నోట్లోది ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది, వీళ్ళలో క్లెబ్సియెల్లా నెమ్ము ఒక్కోసారి కుడివైపు పైభాగంలో పట్టి ఎక్స్‌రేలో అచ్చం టీబీలాగే కనబడుతుంది. ఇంకోటి, కీళ్ళనొప్పులకనీ నీరసానికనీ ఊళ్ళల్లో వేసే సూదుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది, వేసిన రోజు హాయిగా ఉంటుంది, నెలల తరబడి వేయించుకుంటే ఒంట్లో కాపలా పడిపోతుంది.

షుగర్ గురించి మాత్రం విడిగా చెప్పుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, ఇది చాలామందికి తెలిసిందే. తెలియంది ఏందంటే టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ లివర్‌ని వేగంగా పనిచేయించి గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ బిళ్ళల్ని ఒంట్లోంచి తొందరగా బయటికి పంపేస్తుంది. అదే డోసు వేసుకుంటున్నా షుగర్ పెరిగిపోతుంది, పైగా టీబీ ఇన్ఫెక్షనే షుగర్‌ని పెంచుతుంది. 300 దాటిన షుగర్‌తో తెల్లరక్తకణాలు సరిగా పనిచేయవు, అప్పుడే బయటి బ్యాక్టీరియా దిగేది. కాబట్టి టీబీ మందులు మొదలైన మొదటి నెలలో షుగర్ మామూలుకంటే ఎక్కువసార్లు చూపించుకుని, అవసరమైతే డాక్టరు చెప్పినట్టు కొన్నాళ్ళు ఇన్సులిన్‌కి మారడం మంచిది. ఇన్సులిన్ అంటే భయపడి ఆ నాలుగైదు వారాలు వదిలేయడం చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు.

ఇప్పుడు అసలు విషయం. టీబీ ఉందో లేదో చెప్పే పరీక్షలన్నీ రెండో బ్యాక్టీరియాని చూడలేవు. చేసేవాళ్ళ లోపం కాదు, ఆ పరీక్షలు తయారైందే అట్టా. గళ్ళని గాజుపలక మీద పూసి జీల్ నీల్సన్ రంగు వేస్తే యాసిడ్‌కి రంగు వదలని టీబీ క్రిములు మాత్రమే ఎర్రగా నిలబడతాయి, మిగతావన్నీ రంగు కోల్పోయి వెనకాల నీలంలో కలిసిపోతాయి, వాటి గురించి రిపోర్టులో ఒక్క ముక్క రాయరు. సీబీనాట్, ట్రూనాట్ మిషన్లు టీబీ క్రిమి జన్యువుని, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో చెప్పే మార్పుల్ని వెతుకుతాయి, రెండు గంటల్లో జవాబిస్తాయి, నిజంగా గొప్ప సౌకర్యం, కానీ అదే శాంపిల్‌లో న్యుమోకాకస్ కోట్లల్లో ఉన్నా ఆ మిషన్‌కి పట్టదు. ఇక టీబీ కల్చర్, అంటే గళ్ళలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష అయితే మరీను. టీబీ పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈలోపు వేరే బ్యాక్టీరియా పెరిగి ట్యూబు పాడుచేయకుండా ముందే గళ్ళలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వాటిని చంపేస్తారు. మైనపు పొర ఉన్న టీబీ క్రిమి దాన్ని తట్టుకుంటుంది, మిగతావి చచ్చిపోతాయి. అంటే మనిషిని రోజుల్లో చంపగలిగే క్రిమిని ఆ పరీక్షలో మొదటి మెట్టులోనే తుడిచేస్తాం, చివర్లో వచ్చే కాగితంలో టీబీ ఉంది లేదు అన్న మాటే ఉంటుంది. ఆ కాగితం చూసి ఇంకేమీ లేదు అనుకోవడం తప్పు.

మరి చూడటానికి ఏం కావాలంటే పెద్ద ఖర్చైందేమీ కాదు. గ్రామ్ స్టెయిన్, 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చెప్పిన పద్ధతి, అరగంట లోపల తేలిపోతుంది. అదే గళ్ళలోంచి ఇంకో పలక మీద పూసి చూస్తే చీము కణాలెన్ని, బ్యాక్టీరియా ఏ ఆకారంలో ఏ రంగులో ఉన్నాయో కనబడుతుంది. దాంతోపాటు మామూలు కల్చర్ పెడితే ఒకటి రెండు రోజుల్లో పేరు, ఇంకో రోజులో ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. జ్వరం ఎక్కువగా ఉంటే రక్తం కల్చర్ కూడా తీయాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ విభాగాలున్నాయి కాబట్టి ఇదేమీ మద్రాసుకి పోతేనే జరిగే పని కాదు. ఇక్కడ ఇబ్బంది దూరం. టీబీ శాంపిల్ మొండిది, ఒకటి రెండు రోజులు లేటైనా పనికొస్తుంది, అందుకే పీహెచ్‌సీల నుంచి డబ్బాల్లో పంపే ఏర్పాటు నడుస్తోంది. మామూలు కల్చర్‌కి ఇచ్చే గళ్ళ రెండు గంటల్లోపు ల్యాబుకి చేరాలి, లేదంటే ఐసుపెట్టెలో ఉండాలి, ఎండలో బస్సులో వచ్చిన డబ్బాలో న్యుమోకాకస్ చచ్చిపోయి నోట్లో ఉండే మామూలు బ్యాక్టీరియా పెరిగిపోయి ఉంటాయి. ఉదయగిరి నుంచో యర్రగొండపాలెం నుంచో పంపిన శాంపిల్‌కి ఆ రిపోర్టు నమ్మడానికుండదు. మనిషినే పెద్దాసుపత్రికి పంపి అక్కడే గళ్ళ తీయించడం మేలు.

గళ్ళ ఇవ్వడంలో కూడా జాగ్రత్త ఉంది. పొద్దున్నే నోరు నీళ్ళతో పుక్కిలించి, లోతుగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి, లోపల్నించి దగ్గి తెచ్చిందే ఇవ్వాలి. ఉమ్మి పనికిరాదు. ల్యాబులో మైక్రోస్కోపు కింద తక్కువ పవర్‌లో ఒక ఫీల్డుకి చీము కణాలు 25 పైన, నోటి చర్మపు కణాలు 10 లోపు ఉంటేనే అది ఊపిరితిత్తిలోంచి వచ్చిందని లెక్క, లేకపోతే మళ్ళీ అడుగుతారు, అడగాలి కూడా. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే తీస్తే మంచిది, అట్టాగని మనిషి ఆయాసంతో కొట్టుకుంటుంటే శాంపిల్ కోసం సూది ఆపకూడదు.

కల్చర్‌లో ఏదో ఒకటి పెరిగింది కదా అని వెంటనే పెద్ద యాంటీబయాటిక్ ఎక్కించడమూ సరికాదు. పాడైన ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ లాంటివి అప్పటికప్పుడు కొత్త జబ్బేమీ తేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. కొత్తగా జ్వరం వచ్చిందా, గళ్ళ మారిందా, ఎక్స్‌రేలో కొత్త మచ్చ పడిందా, ఆక్సిజన్ తగ్గిందా, ఇవి కల్చర్‌తో కలిసొస్తేనే దానికి అర్థం. టీబీ మామూలుగా పైభాగాల్లో ఉంటుంది కాబట్టి పాత ఎక్స్‌రేలో లేని నెమ్ము మచ్చ కిందిభాగంలో కొత్తగా కనబడితే, లేదా క్యావిటీలో నీటి మట్టం గీతలాగా కనబడితే అనుమానించాల్సిందే. అందుకే పాత ఫిల్ములు పారేయకుండా దాచిపెట్టి ప్రతిసారీ పట్టుకుపోవాలి, పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఏది కొత్తదో ఎంత పెద్ద డాక్టరుకైనా తెలియదు. షుగర్ ఉన్నవాళ్ళలో టీబీయే కిందిభాగాల్లో కూడా రావచ్చు కాబట్టి వాళ్ళ విషయంలో ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష టీబీలోనూ పెరుగుతుంది, దాంతో తేడా తెలియదు. తెల్లకణాలు బాగా పెరిగితే, అందులోనూ న్యూట్రోఫిల్స్ ఎక్కువైతే బ్యాక్టీరియా వైపు కాస్త మొగ్గు, ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్ష కూడా అంతే, తీవ్రమైన టీబీలో అదీ పెరగొచ్చు.

దీనికి తిరగేసిన కథ ఇంకోటుంది, అది మన ఊళ్ళల్లో ఇంకా ఎక్కువ. టీబీ ఉన్నట్టు తెలియకముందు దగ్గు జ్వరంతో వచ్చిన మనిషికి నెమ్ము అని లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు, లేదా మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఆ మందు నెమ్ము బ్యాక్టీరియాతోపాటు టీబీ క్రిమిని కూడా కొంత చంపుతుంది. మనిషికి హాయిగా ఉంటుంది, జ్వరం తగ్గుతుంది, గళ్ళ పరీక్షలో టీబీ కనబడకుండా పోతుంది, మళ్ళీ నెలకో రెండు నెలలకో తిరగబెడుతుంది. ఈలోపు ఇంట్లో పిల్లలకీ ముసలివాళ్ళకీ అంటుకుంటుంది, పైగా ఒక్క మందే వారం పది రోజులు మించి తగిలిన టీబీ క్రిమి దానికి లొంగకుండా తయారవుతుంది. అదే లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ మొండి టీబీకి, అంటే మామూలు మందులకి లొంగని టీబీకి ముఖ్యమైన ఆయుధాలు. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్‌తో మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఇచ్చే ఆరు నెలల కోర్సుకి కేంద్ర ఆరోగ్యశాఖ 2024లో ఒప్పుకుంది, దాంట్లో ఒక కాలు ముందే విరిగిపోతే మొండి టీబీ వచ్చినవాళ్ళ గతేంటి. లీవోఫ్లాక్సాసిన్‌ని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో పెట్టారు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. విరేచనాలకి కొనుక్కునే ఆఫ్లాక్సాసిన్ ఆర్నిడజోల్ బిళ్ళలోని ఆఫ్లాక్సాసిన్ కూడా ఇదే కుటుంబం (ఫ్లోరోక్వినోలోన్లు) అన్న సంగతి మింగేవాళ్ళలో చాలామందికి తెలియదు. రెండు వారాలు దాటిన దగ్గున్న మనిషికి టీబీ పరీక్షకి గళ్ళ ఇవ్వకముందు ఈ కుటుంబం మందు ఇవ్వకూడదు, ఈ ఒక్కటి ప్రతి ఆర్ఎంపీకీ ప్రతి మెడికల్ షాపుకీ ఎక్కాలి. నెమ్ము అనుమానముంటే అమాక్సిసిలిన్ లాంటివి ఉన్నాయి, అవి టీబీని అట్టా కప్పిపెట్టవు.

టీబీ మందుల మీద ఉన్న మనిషికి రెండో యాంటీబయాటిక్ చేర్చేటప్పుడు డాక్టర్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, రోగి వైపు నుంచి చేయాల్సింది ఒక్కటే, టీబీ మందులు వాడుతున్నామని చెప్పడం. సిగ్గుతో దాచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ప్రైవేటు నర్సింగ్ హోముకి పోయి దగ్గు అని మాత్రమే చెప్తారు, అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రిఫాంపిసిన్ వల్ల క్లారిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి రక్తంలో తగ్గిపోయి సరిగా పనిచేయవు. అమాక్సిసిలిన్ క్లావులనేట్ లివర్ మీద భారం పెట్టగలదు, అప్పటికే పైరాజినమైడ్, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మూడూ లివర్ మీదే ఉన్నాయి, కాబట్టి కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, వాంతులు కనబడితే వెంటనే చూపించుకోవాలి. బెడాక్విలిన్ మీద ఉన్నవాళ్ళకి అజిత్రోమైసిన్ లాంటివి కలిపితే గుండె లయ దెబ్బతినే ప్రమాదముంది, ఈసీజీ తీయాలి. ఇవన్నీ ఉన్నా నెమ్ముకి మందు ఇవ్వకుండా ఉండటం కంటే జాగ్రత్తగా ఇవ్వడమే నయం, టీబీ బిళ్ళలు మాత్రం డాక్టరు చెప్తే తప్ప ఆపకూడదు.

వరి పండే మన వైపు గట్టిగా చెప్పుకోవాల్సిన ఇంకో క్రిమి ఉంది, బర్ఖోల్డేరియా సూడోమాలై. అది తెచ్చే జబ్బు పేరు మెలియాయిడోసిస్. 1911-12లో రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి దీన్ని గుర్తించారు. ఇది మట్టిలో, నిలవ నీళ్ళలో బతికే క్రిమి. దమ్ము చేసిన కయ్యల్లో ఒట్టి కాళ్ళతో దిగినప్పుడు కాలి పగుళ్ళలోంచి, పుండ్లలోంచి లోపలికి పోతుంది, గాలివానల్లో తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. నెల్లూరు జిల్లాకి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలకి, తుపాన్లూ అప్పుడే, 2021 నవంబరులో పెన్నా పొంగిందీ 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చిందీ ఆ నెలల్లోనే. భారీ వానల తర్వాత ఈ జబ్బు పెరుగుతుందని అది ఎక్కువగా ఉన్న దేశాల్లో బాగా తెలిసిన సంగతి. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాల మీద మెలియాయిడోసిస్ అనుమానం వచ్చాక తెలుగు పేపర్లలో ఈ పేరు కనబడింది, అంతకుముందు చాలామంది విననే లేదు.

దీన్ని ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే ఇది టీబీలాగే నటిస్తుంది. వారాల తరబడి జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో పైభాగంలో మచ్చలు, క్యావిటీ, అన్నీ ఉంటాయి. పట్టేది కూడా ఎక్కువగా షుగర్ ఉన్న, తాగుడు అలవాటున్న, పొలం పనిచేసే నడివయసు మగవాళ్ళనే, అంటే సరిగ్గా టీబీ పట్టే మనుషులనే. గళ్ళలో టీబీ కనబడకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెడతారు, తగ్గదు, మొండి టీబీ అంటారు, ఈలోపు లివర్‌లో ప్లీహంలో చీముగడ్డలు కడతాయి. కొందరిలో టీబీ, ఇది రెండూ కలిసే ఉంటాయి, అప్పుడు టీబీ పాజిటివ్ అన్న రిపోర్టు నిజమే అయినా మనిషి దిగజారుతూనే ఉంటాడు. మామూలు కల్చర్‌లో ఇది పెరుగుతుంది, కాకపోతే దాన్ని మామూలు సూడోమోనాస్ అని రాసేసే ప్రమాదం ఉంది, షుగరున్న రైతు, తుపాను తర్వాత వచ్చిన జ్వరం అని చీటీ మీద ఒక ముక్క రాస్తే ల్యాబువాళ్ళు జాగ్రత్తగా చూస్తారు. జెంటామైసిన్‌కీ పెన్సిలిన్‌కీ ఇది లొంగదు, కనీసం 10 నుంచి 14 రోజులు సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ నరానికి ఎక్కించాలి, ఆ తర్వాత మూడు నెలలైనా కోట్రిమాక్సజోల్ బిళ్ళలు వాడాలి. గళ్ళలో టీబీ తేలని, మందులకి తగ్గని షుగర్ రైతుని చూసినప్పుడు నెల్లూరు, ప్రకాశం డాక్టర్లకి మొదట గుర్తు రావాల్సిన పేర్లలో ఇది ఉండాలి, ఇప్పటికైతే చాలాచోట్ల చివర్లో గుర్తొస్తోంది.

రెండో బ్యాక్టీరియా నిజంగా అంత పనిచేస్తుందా, లేక టీబీ తీవ్రతనే అట్టా అనుకుంటున్నామా అని సందేహం వస్తే దానికి గట్టి జవాబు దక్షిణాఫ్రికా సొవెటోలో పిల్లల మీద జరిగిన పనిలో ఉంది. అక్కడ న్యుమోకాకస్ టీకా పనితీరు చూడ్డానికి కొంతమంది పిల్లలకి టీకా వేశారు, కొంతమందికి వేయలేదు. తర్వాత చూస్తే టీకా వేసిన పిల్లల్లో, టీబీ కల్చర్ పాజిటివ్ అయి నెమ్ముతో ఆసుపత్రిలో చేరినవాళ్ళు తక్కువగా ఉన్నారు. ఆ టీకా టీబీ మీద పనిచేసేది కాదు. అంటే టీబీ ఉన్న పిల్లల్ని ఆసుపత్రి దాకా తెచ్చింది చాలావరకు న్యుమోకాకస్సే అన్నమాట. మన దగ్గర ఈ టీకాని 2021లో దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో చేర్చారు, ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి వేస్తారు, ఇంట్లో టీబీ ఉన్న మనిషి ఉంటే పసిబిడ్డకి ఇందులో ఒక్కటి కూడా తప్పకూడదు.

హెచ్ఐవీ విషయంలోనూ ఇట్టాంటి రుజువే ఉంది. ఒకప్పుడు హెచ్ఐవీ ఎక్కువగా కనబడిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి, హెచ్ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందుల వల్ల ఇప్పుడు వాళ్ళలో చాలామంది మామూలుగా బతుకుతున్నారు. ఐవరీ కోస్ట్‌లో 1999లో వెలువడిన ట్రయల్‌లో హెచ్ఐవీ టీబీ రెండూ ఉన్నవాళ్ళకి రోజూ కోట్రిమాక్సజోల్ ఇస్తే మరణాలు సగానికి దగ్గరగా తగ్గాయి. రోజూ వేసుకునే ఆ తెల్లబిళ్ళ ఎందుకులే అని మానేసేవాళ్ళు దీన్ని తెలుసుకోవాలి, అది నెమ్ముని, ఇంకా చాలా ఇన్ఫెక్షన్లని ఆపుతోంది.

ఎవరిని ఇంటి దగ్గర ఉంచొచ్చు, ఎవరిని వెంటనే చేర్చాలి అన్నదానికి పక్క రాష్ట్రంలో మంచి నమూనా ఉంది. తమిళనాడులో 2022 నుంచి కాసనోయ్ ఇరప్పిలా తిట్టం (టీబీ చావులు లేకుండా చేసే పథకం) కింద టీబీ తేలిన రోజే మూడు సంగతులు చూస్తున్నారు: బరువు ఎత్తుకి ఎంత తక్కువుందో చెప్పే బీఎంఐ, ఊపిరి వేగం ఆక్సిజన్, పట్టుకోకుండా నిలబడగలడా. బీఎంఐ 14 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే, నిమిషానికి 24 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే, లేచి నిలబడలేకపోతే వెంటనే ఆసుపత్రిలో చేర్చి చూస్తారు. దీనికి కావాల్సింది తూకం, టేపు, వేలికి పెట్టే ఆక్సిమీటరు. కోవిడ్ టైములో ఆక్సిమీటరు చాలా ఊళ్ళకి చేరింది, ఆశా కార్యకర్తకి దాన్ని వాడటం వచ్చు. మందులు మొదలైన మొదటి రెండు నెలల్లో వారానికోసారి ఆక్సిజన్, ఊపిరి లెక్క, బరువు రాసిపెడితే రెండో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మొదట తెలిసేది ఆ కాగితం మీదే. మన జిల్లాల్లో ఇది చేయడానికి డబ్బు అడ్డం కాదు.

తిండి కూడా ఇందులో భాగమే. జార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురించిన రేషన్స్ అనే ట్రయల్‌లో, అంటే టీబీ ఇళ్ళకి తిండి సాయం ఇచ్చి చూసిన అధ్యయనంలో, మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన టీబీ రోగుల్లో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. టీబీ రోగుల తిండికోసం ప్రభుత్వం డబ్బిచ్చే ని-క్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 1000 అయింది. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలపకపోతే అది ఆగిపోతుంది, మొదటి నెలలోనే చూసుకోవాలి, గుడ్డూ పప్పూ ఎక్కువ అవసరమయ్యేది అప్పుడే.

ఇక కోర్సు పూర్తయి టీబీ నయమైనవాళ్ళ సంగతి. క్రిమి పోయినా ఊపిరితిత్తి మళ్ళీ పాతదిలాగా కాదు. సాగిపోయిన నాళాలు, ఖాళీ క్యావిటీలు మిగులుతాయి, వాటిల్లో ఏడాదికి రెండు మూడుసార్లు చీముగళ్ళ పట్టి జ్వరం రావడం, ఒక్కోసారి రక్తం పడటం మామూలు. దాన్ని చూసి మళ్ళీ టీబీ తిరగబెట్టిందని రెండోసారి ఆరు నెలల కోర్సు పెట్టించుకునేవాళ్ళు తక్కువమందేం కాదు. ఇక్కడ సీబీనాట్ కూడా తప్పుదోవ పట్టించగలదు, అది చచ్చిన క్రిముల డీఎన్‌ఏని కూడా పట్టుకుంటుంది కాబట్టి నయమైన ఒకటి రెండేళ్ళ తర్వాత కూడా కొందరిలో పాజిటివ్ చూపిస్తుంది. టీబీ నిజంగా తిరగబెట్టిందా అన్నది బతికున్న క్రిమి పెరిగే టీబీ కల్చర్‌తోనే తేల్చుకోవాలి, ఈలోపు అదే గళ్ళని గ్రామ్ స్టెయిన్‌కీ మామూలు కల్చర్‌కీ పంపి కనబడ్డ బ్యాక్టీరియాకి సరిపోయే మందు పది పద్నాలుగు రోజులు ఇవ్వాలి. రక్తం పడుతుంటే క్యావిటీలో ఆస్పర్జిల్లస్ ఫంగస్ ముద్ద కట్టిందేమో సీటీ తీసి చూడాలి. రోజూ పొద్దున్నే పాడైన భాగం పైకి ఉండేలా పడుకుని పావుగంట సేపు గళ్ళ బయటికి తెచ్చే పద్ధతి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే, ఏడాదికోసారి ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినట్టు న్యుమోకాకస్ టీకా వేయించుకుంటే, బీడీ పూర్తిగా మానేస్తే ఈ తిరగబెట్టడాలు బాగా తగ్గుతాయి.